చప్పుడు ఎప్పుడొస్తోంది?

"బండి టకటకమంటోంది, చూడు బాబూ" అని తాళాలిచ్చి వెళ్లిపోబోయేవాళ్లను ఆపేస్తాను. విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో పానా పట్టేముందు ప్రశ్నలే. మలుపులోనా, గతుకులోనా, వేగం అందుకున్నాకా? చప్పుడు బాడీ వెంట ప్రయాణిస్తుంది. ఎక్కడ వినబడుతోందన్నదాని కంటే ఎప్పుడన్నదే నాకు ముఖ్యం.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటే ముందు సీవీ జాయింట్ చూస్తాను. దాని రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్మి దుమ్ము లోపలికి చేరుతుంది. చిన్న గతుకులకే లొటలొటలాడితే చాలాసార్లు లింక్ రాడ్డే.

అసలు పరీక్ష పెట్టేది హోరు. వేగంతోపాటు పెరుగుతుంది. బేరింగా, టైరా? ముందు న్యూట్రల్‌లో వదులుతాను. అయినా తగ్గకపోతే ఇంజిన్‌ని పక్కన పెట్టొచ్చు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ కొంచెం ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు హెచ్చితే కుడి బేరింగ్ మీద అనుమానం. తేడా లేకపోతే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మారుస్తాను. హోరు కూడా చోటు మారితే దోషం టైరుది. ఇంత చిన్న పని చేయకుండా బేరింగ్‌లు మార్చేసి బిల్లు వేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది ఒకరి కష్టార్జితం.

బాల్ జాయింట్ వదులైతే మాత్రం బండి బయటికి పంపను. అది ఊడితే చక్రం అక్కడే పక్కకు వాలిపోతుంది. "రేపు వస్తానన్నా" అన్నా సరే, తాళం ఇవ్వను.