షరతు తప్పిన సరకు

విశాఖపట్టణపు రేవున దిగెడు కోకింగు బొగ్గునకు, సున్నపురాతికి కస్టమ్సువారు సుంకము కట్టించుకొనుటతో పని దాదాపు ముగియును. అదే రేవునకు వచ్చు అమోనియం నైట్రేటు సంగతి వేఱు. ఓడ రాకకు పూర్వమే ప్రేలుడు పదార్థముల ముఖ్య నియంత్రణాధికారి లైసెన్సు దిగుమతిదారుని చేత నుండవలెను. ఈ తెల్లని గుళికలు మన దేశమునకు వచ్చు ప్రధానద్వారము విశాఖయే. డీజిలు కలిపి వీనితో ఓపెన్‌కాస్టు గనులలో రాతిపొరలను పగులగొట్టుదురు. గనికి ప్రాణాధారమైన ఈ పదార్థమే దుష్టుల చేతబడినచో బాంబగును గనుక, కేంద్ర ప్రభుత్వము 2011లో దీనిని ప్రేలుడు పదార్థముగా ప్రకటించి, 2012లో ప్రత్యేక నియమావళిని వెలువరించెను. నూటికి 45 పాళ్లకు మించి అమోనియం నైట్రేటు గల మిశ్రమములును ఆ నియమావళికి లోబడినవే.

విదేశవ్యాపార విధానమున కొన్ని సరకులు స్వేచ్ఛగా రావచ్చును. కొన్ని నియంత్రితములు, అనగా లైసెన్సుతో మాత్రమే రాదగినవి. ఏనుగుదంతము, జంతువుల కొవ్వు వంటివి నిషిద్ధములు. నియంత్రితమనగా నిషిద్ధముకంటె తేలికయైన దోషమని పలువురు తలంతురు. చట్టమట్లు తలంపదు. 1962 నాటి కస్టమ్సు చట్టము రెండవ సెక్షను ప్రకారము, ఏ చట్టము చేతనైనను నిషేధమునకు లోనైన సరకు నిషిద్ధమే. విధించిన షరతులన్నియు నెరవేరినప్పుడే అది ఆ నిర్వచనము నుండి తొలగును. కలకత్తా రేవున అనుమతి లేక దిగిన ఒక ఆడుగుఱ్ఱపు వ్యాజ్యమున 1970లో సుప్రీంకోర్టు, ‘ఏ నిషేధమైనను’ అనగా సకలవిధములైన నిషేధములనియు, నియంత్రణమును ఆ నిషేధములలో నొకటియేయనియు నిర్ణయించెను. సాధారణపు సరకును జప్తు చేసినచో, జుర్మానా కట్టి విడిపించుకొను అవకాశమును అధికారి యజమానికి తప్పక ఈయవలెను. నిషిద్ధమైనచో ఇచ్చుటయు మానుటయు 125వ సెక్షను క్రింద ఆయన విచక్షణకు వదలబడినది.

ఈ కాఠిన్యము న్యాయమేనని నా దృఢవిశ్వాసము. 2020 ఆగస్టు 4న బేరూతు రేవున ఏండ్ల తరబడి గిడ్డంగిలో పడియుండిన సుమారు 2,750 టన్నుల అమోనియం నైట్రేటు ప్రేలి, రెండువందల మందికి పైగా మృతిచెందగా, మన రేవులలో నేమున్నదని దేశమంతయు వెదకుకొనెను. లైసెన్సు చిక్కుల వలన 2015లో కస్టమ్సువారు పట్టిన దాదాపు 700 టన్నులు మద్రాసు శివారున మణలిలో అప్పటికిని నిలువయుండెను. దానిని వేలము వేసి, కంటైనర్లలో హైదరాబాదునకు తరలించిరి. జప్తు చేసినంత మాత్రమున అపాయము తొలగదని, పట్టిన సరకును త్వరగా వదిలించుకొనవలెనని అప్పుడు తేటపడినది. 2021లో సవరించిన నియమములను బట్టి ఈ సరకు సంచులలోనే రావలెను. రేవున నిలువచేయక, దానికి 500 మీటర్లకు ఆవలనున్న గిడ్డంగులకు నేరుగా తరలింపవలెను. డాల్ఫిన్ నోస్ కొండనీడన, రేవునానుకొని కాపురములుండు పాతనగరపు కుటుంబములకు ఆ 500 మీటర్లు కాగితముపై అంకె మాత్రమే కాదు.

ఉక్కునగరమైన విశాఖకు సంబంధించిన మఱొక సరకు తుక్కు ఇనుము. 2004 సెప్టెంబరులో ఘజియాబాదు చెంత ఒక ఉక్కు కర్మాగారమున, విదేశపు తుక్కులో కలసివచ్చిన ఫిరంగిగుండ్లు ప్రేలి పదిమంది కూలీలు ప్రాణములు కోల్పోయిరి. పిమ్మట నియమములు బిగిసెను. ముక్కలు చేయని తుక్కు నిర్ణీతమైన రేవులలోనే దిగవలెను. వానిలో విశాఖ యొకటి. ఓడకెక్కక మునుపే, అందు ఆయుధములు, తూటాలు, రేడియోధార్మిక పదార్థములు లేవని తనిఖీ పత్రము పొందవలెను. ఆ పత్రమును వట్టి తంతుగా భావించు వర్తకుడు, కొలిమి ముందు నిలుచువాడు తానుకాడని మఱచుచున్నాడు.

స్వేచ్ఛగా వచ్చు సరకునకు, అది సముద్రముపై నుండగా నియంత్రణ వచ్చిపడినచో గతియేమని దిగుమతిదారులు సహజముగా అడుగుదురు. ప్రకటన వెలువడిన తేదీకి మునుపటి బిల్ ఆఫ్ లేడింగుతో ఓడకెక్కిన సరకును, ఆ ప్రకటనలో వేఱుగా చెప్పనియెడల, మునుపటి నియమముననుసరించియే రానిత్తురు.