బొమ్మలలోని నీటిగుర్తు

ఐదువందల రూపాయల నోటును వెలుతురున కెత్తి చూచినయెడల, ఖాళీగా విడిచిన చోట మహాత్మాగాంధీ ముఖము నీడవలె కానవచ్చును. అది సిరాతో అచ్చువేసినది కాదు. కాగితము తడిగుజ్జుగా నున్నపుడే కొన్ని తావుల పలుచగాను, కొన్ని తావుల మందముగాను చేయుటచే ఏర్పడినది. పలుచని తావున వెలుతురు హెచ్చుగా దూరును; అంతియే రహస్యము. ఇటలీ దేశమందలి ఫాబ్రియానో పట్టణపు కాగితపు పనివారు 13వ శతాబ్దాంతమున తమ జల్లెడ అచ్చులకు తీగెను వంచి కుట్టి, ఏ కాగితము ఎవరి యింట తయారైనదో తెలియునట్లు ఈ గుర్తును వేయసాగిరి. దీనినే వాటర్‌మార్కు అనియు, నీటిగుర్తు అనియు అందురు.

నేడు సెల్‌ఫోనులలో తిరుగు బొమ్మలకును, వీడియోలకును సయితము నీటిగుర్తులు వేయుచున్నారు. చాలమంది దీనిని తాళమని తలంచుచున్నారు. నా యెఱిగినంతవఱకు ఇది సాక్షి మాత్రమే. దొంగ చేయి పట్టుకొనదు. పిలిచి అడిగినపుడు వచ్చి చెప్పును.

నిజామాబాదు, బోధను పట్టణములలో పెండ్లి ఛాయాచిత్రములు తీయువారు బొమ్మ మూలను తమ స్టూడియో పేరు వేసికొందురు. ఇది కంటికి కనబడు గుర్తు. పేరు నలుగురికి తెలియుటకు చాలును గాని, మూలను కత్తిరించుట పదేండ్ల బాలునికైనను సులభమే. మన ఎడపల్లి పొరుగుననున్న అలీసాగరముపై సూర్యాస్తమయమును ఒక విద్యార్థి ఎంత శ్రమపడి తీసినను, మూలనున్న పేరు పోయిన పిమ్మట అది ఏ హోటలు ప్రకటనమునందైనను దర్శనమీయవచ్చును. పేరును నడుమ పెద్దదిగా వేసినచో బొమ్మయే చెడును. అంతటితో నైనను తీరలేదు. ఒకే గుర్తును ఒకే రీతిగా వేలకొలది బొమ్మలపై వేసినయెడల, యంత్రము వానినన్నిటిని పోల్చి, మారక నిలిచినది గుర్తేయని గ్రహించి తుడిచివేయగలదని గూగుల్ సంస్థ పరిశోధకులు 2017లో చూపిరి. ప్రతి బొమ్మయందును గుర్తును కొంచెము వంకరగా మార్చి వేసిన, ఆ పని కష్టమగునని కూడ వారే చెప్పిరి.

కనబడని గుర్తు సంగతి వేఱు. ఫోనులోని బొమ్మ సన్నని చుక్కల సముదాయము. ప్రతి చుక్కకును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము ఎంతెంత కలవో తెలుపు మూడు సంఖ్యలుండును. ఒక్కొక్కటి సాధారణముగా 0 మొదలు 255 వఱకు. 140ని 141గా మార్చిన మన కన్ను పసికట్టలేదు. సరిసంఖ్యకు సున్న, బేసిసంఖ్యకు ఒకటి అని ఏర్పాటు చేసికొన్నచో చుక్కల వరుసలో ఒక పేరునే దాచవచ్చును. ఉపాయము సులభమే గాని మిక్కిలి బలహీనము. బొమ్మను వాట్సాప్‌లో పంపగానే అది కుదింపబడును. కుదించునపుడు మొదట పారవేయబడునవి ఇట్టి సూక్ష్మభేదములే.

ఇంగెమార్ కాక్స్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1997లో ప్రకటించిన వ్యాసము దీనికి మార్గము చూపినది. దానిని మన శక్కర్‌నగరు చక్కెరతో చెప్పెదను. పిడికెడు చక్కెరను పళ్లెము అంచున పోసిన ఎవరైనను ఊడ్చివేయుదురు. దానినే చెంబెడు నీటిలో కరగించిన కంటికి కనబడదు. ఏ గ్రుక్క త్రాగినను తీపియే. తీపి పోవలెనన్న నీటినే పారబోయవలెను. ఆలాగుననే గుర్తును బొమ్మయొక్క ముఖ్యమైన వెలుగునీడలయందే, ఒక్కొక్క చోట అత్యల్పముగా, అంతటను వ్యాపింపజేయుదురు. రహస్యసంఖ్య నెఱిగినవాడు ఆ అల్పాంశములనెల్ల కూడి చూచిన గుర్తు బయటపడును. దానిని చెఱుపబూనినవాడు బొమ్మనే చెఱుపవలసివచ్చును.

చలనచిత్రములలో దీని ప్రయోజనము గొప్పది. హాలీవుడ్‌లోని పెద్ద సంస్థలు కూడి 2005లో ప్రకటించిన నియమముల ప్రకారము, ప్రదర్శనశాలలోని యంత్రమే ఆట ఆడునపుడు తన గుర్తును తెరమీది బొమ్మలో కలుపును. ఆ గుర్తు 35 సున్నలు, ఒకట్లు గల వరుస. వానిలో 16 స్థానములు కాలమునకు. గంటకు నాలుగు చొప్పున 366 దినములకు 35,136 కాలఖండములు. 16 స్థానములచే 65,536 భేదములు వచ్చును గనుక చాలును. తక్కిన 19 స్థానములు ఏ చోటి యంత్రమో తెలుపుటకు. వానిచే 5,24,288 యంత్రములను వేఱుపఱచవచ్చును. లెక్కల పుస్తకమున రెండు ఘాతములు నేర్చిన బాలబాలికలు దీనిని తామే సరిచూచుకొనవచ్చును. ప్రతి ఐదు నిమిషముల భాగమునందును ఈ 35ను ఇమిడియుండవలెను.

రాజమౌళి దర్శకత్వమున తీయబడిన బాహుబలి రెండవ భాగము 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యెను. కొలది దినములకే, దొంగప్రతి తమయొద్ద నున్నదనియు, సొమ్మియ్యనిచో బయటపెట్టెదమనియు కొందఱు నిర్మాతలను బెదరించిరి. ఆ ప్రతిలోని గుర్తును చదువగా, అది బీహారు రాష్ట్రమందలి బేగుసరాయి పట్టణపు ప్రదర్శనశాలదని తేలెను. హైదరాబాదు పోలీసులు మే నెలలో ఆరుగురిని నిర్బంధించిరి. దీనికి నాలుగేండ్ల ముందు, 2013 సెప్టెంబరులో, అత్తారింటికి దారేది చిత్రములో చాల భాగము విడుదలకు ముందే బయటపడినపుడు, ప్రతి చేతినుండి చేతికి మాఱిన త్రోవను కృష్ణా జిల్లాలో వెదుకవలసివచ్చెను. నిర్మాత సెప్టెంబరు 27ననే చిత్రమును త్వరపడి విడుదల చేసెను. వేయిమంది కష్టము ఒక్క డిస్కులో వీధిన పడుట ఎట్టిదో ఆనాడు అందఱును చూచిరి. 2023లో సవరింపబడిన సినిమాటోగ్రాఫు చట్టము ఇట్టి నేరమునకు మూడు నెలలకు తక్కువగాని, మూడేండ్లకు మించని కారాగారశిక్షను విధించుచున్నది. అయినను ప్రదర్శనశాలలోని గుర్తు శాలవఱకే చూపును. ఏ కుర్చీలోనివాడు ఫోనెత్తి పట్టెనో చెప్పదు.

పాఠశాల వార్షికోత్సవపు బొమ్మలపై, విశేషించి బాలికల బొమ్మలపై, ఇట్టి గుర్తు వేసిన క్షేమమా యని తల్లిదండ్రు లడుగుట సహజము. రెండువందల యిండ్లకు ఒకే గుర్తు గల ప్రతిని పంపినచో, బయటికి పోయినది పాఠశాల బొమ్మయని మాత్రమే అది చెప్పును. ఎవరి ఫోనునుండి పోయినదో చెప్పజాలదు. అది తెలియవలెనన్న ఇంటింటికి వేఱువేఱు గుర్తు వేయవలెను. అది పెద్ద సంస్థలకు సాధ్యము. మనకు, పంపు బొమ్మలను తగ్గించుటయే సులభము.

ఇపుడు గుర్తునకు మఱియొక ఉద్యోగము కలిగినది. యంత్రము కల్పించు బొమ్మలలో సింథ్‌ఐడి అను కనబడని గుర్తును గూగుల్ సంస్థ 2023 నుండి చేర్చుచున్నది. ఆ గుర్తు దొరకిన, బొమ్మ యంత్రకల్పితమని చెప్పవచ్చును. దొరకనంతమాత్రమున అది నిజమైన ఛాయాచిత్రమని చెప్పరాదు. గుర్తు వేయని యంత్రములును కలవు.