సిమ్ కార్డు మీది బంగారం సోకు కోసం కాదు

మీ ఫోన్ల నుంచి సిమ్ కార్డు తీసి చూడుండ్రి. పచ్చగ మెరిసే చిన్న బిళ్ల ఉంటది. చాలా సిమ్‌లకు అది నిజమైన బంగారు పూతనే.

కంపెనీలు ఊకెనే బంగారం ఎందుకు పూస్తయి? రాగికి గాలి తగిలితే చిలుము పడ్తది. చిలుము పడితే కరెంటు సక్కగ పారదు. బంగారానికి ఆ బాధ లేదు. అందుకే ఫోన్లల్ల, కంప్యూటర్లల్ల, కార్ల ఎయిర్‌బ్యాగు కనెక్షన్లల్ల బంగారు పూత ఉంటది. ఎక్కువ కరెంటు పారే పెద్ద స్విచ్‌లకు వెండి పూస్తరు. తెల్ల బంగారు నగలకు మెరుపు వచ్చేది రోడియం పూతతోని.

పని పద్ధతి తెలుసుకుందాం. బంగారు లవణం కరిగిన నీళ్ల తొట్టిల వస్తువును ముంచి, డీసీ కరెంటు మైనస్ తీగె కలుపుతరు. ప్లస్ తీగెకు ఇంకో లోహపు రేకు కడ్తరు. కరెంటు పారంగనే నీళ్లల్లి బంగారం వచ్చి వస్తువుకు అంటుకుంటది. ఎంత కరెంటు, ఎంతసేపు పారితే పూత అంత మందం. తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. ఈ పూత చాలాసార్లు ఒక్క మైక్రాన్ కూడ ఉండదు.

ఇప్పుడు అసలు ముచ్చట. ఎనుకట బంగారాన్ని పాదరసంల కలిపి, వస్తువుకు పూసి కాల్చేటోళ్లు. ఆ పొగ కార్మికుల పానాలు తీసింది. 1840ల ఇంగ్లండుల ఎల్కింగ్టన్ ఇంటోళ్లు సయనైడ్ తొట్టి పద్ధతికి పేటెంటు తీసుకున్నరు. పాదరసం పోయింది, సయనైడ్ వచ్చింది. విషం మారింది గాని, దాని పక్కన నిలవడ్డది మాత్రం కూలోడే. సయనైడ్ నీళ్లల్ల యాసిడ్ పడ్డదంటే పానం తీసే గాలి పుడ్తది.

పూత తీసేకాడ సుత అదే కథ. పాత ఫోన్ల బోర్డులు కాల్చి, యాసిడ్‌ల ముంచి బంగారం తీసేటోళ్లు ఉన్నరు. ఆ పొగ పీల్చేది వాళ్ల పిల్లలే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, రిజిస్టర్ చేసుకున్న రీసైక్లర్లే ఆ పని చెయ్యాలె.

తమ్ముళ్లు, చెల్లెండ్లు! ప్లేటింగ్ షెడ్డుల పనికి కుదిరితే జీతం ఒక్కటే అడగకుండ్రి. పొగ గుంజే ఫ్యాన్ ఉన్నదా, గ్లౌజులు ఇస్తరా, యాసిడ్, సయనైడ్ ఏర్పాటుగ పెడ్తరా, తొట్టి నీళ్లు శుద్ధి చేస్తరా లేకుంటే మోరీల ఇడుస్తరా అని అడుగుండ్రి. గివి అడిగితే కోపం చేసే సేటు దగ్గర పనికి పోవద్దు.