కోళ్ళ టీకా వైరస్‌ల పెంపకం: గుడ్డు నుంచి బయోరియాక్టర్ దాకా

కీలక పదాలు: కొక్కెర తెగులు, లసోటా, కణవర్ధనం, బయోరియాక్టర్, ట్రిప్సిన్, పెరటి కోళ్ళు.

1. ఉపోద్ఘాతం:
నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో వర్షాధార సేద్యం చేసే కుటుంబానికి పెరటి కోళ్ళు అవసరానికి అక్కరకొచ్చే ఆస్తి. కొక్కెర తెగులు సోకితే ఆ ఆస్తి కొద్దిరోజుల్లోనే తుడిచిపెట్టుకుపోతుంది. 1926లో జావాలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను గుర్తించిన ఈ వ్యాధికి మన దేశంలో రాణీఖేత్ అనే పేరు స్థిరపడింది. దీనికి చికిత్స లేదు, టీకాయే రక్షణ. ఆ టీకా వైరస్‌ను పెంచే రెండు మార్గాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. గుడ్డులో పెంపకం:
వైరస్ తనంతట తాను పెరగదు, దానికి జీవకణం కావాలి. 9 నుంచి 11 రోజుల పిండం ఉన్న గుడ్డులోని అల్లాంటోయిక్ కుహరంలోకి లసోటా వంటి టీకా వైరస్‌ను ఎక్కించి, సుమారు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని రోజులు పొదిగించి, ఆ ద్రవాన్ని సేకరిస్తారు. దిగుబడి ఎక్కువే. కాని అందుకు నిర్దిష్ట రోగకారకాలు లేని మందల గుడ్లు కావాలి. బర్డ్‌ఫ్లూ ఆ మందలకే సోకితే టీకాకు ముడిసరుకు కరవవుతుంది. 2015లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో హెచ్5ఎన్1 బయటపడటం ఈ ముప్పు మనకు ఎంత దగ్గరో తెలిపింది.

3. బయోరియాక్టర్‌లో పెంపకం:
ఉష్ణోగ్రత, ఆమ్లజని, ఆమ్ల-క్షార స్థాయులను నియంత్రించే పాత్ర బయోరియాక్టర్. వెరో వంటి కణాలు ఏదో ఒక ఉపరితలాన్ని అంటిపెట్టుకొనే పెరుగుతాయి. వాటికోసం ద్రవంలో తేలియాడే సూక్ష్మ పూసల పద్ధతిని వాన్ వెజెల్ 1967లో ప్రతిపాదించారు. పశువుల టీకాల్లో ఈ మార్గం మనకు కొత్త కాదు. 1982లో హైదరాబాదులో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునాలజికల్స్, గాలికుంటు టీకా వైరస్‌ను బీహెచ్‌కె-21 కణాల్లో పెంచుతోంది.

4. లసోటాతో చిక్కు:
లసోటా కణంలోకి చొరబడాలంటే దాని ఎఫ్ ప్రోటీన్‌ను ఒక ఎంజైము ఛేదించాలి. తీవ్రమైన వైరస్ రకాలకు ఆ పని చేసే ఎంజైము దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది. లసోటాకు మాత్రం ట్రిప్సిన్ వంటి ఎంజైము అవసరం. అది అల్లాంటోయిక్ ద్రవంలో సహజంగా లభిస్తుంది, బయోరియాక్టర్‌లో బయటినుంచి చేర్చాలి. మోతాదు మించితే కణాలు పూసలనుంచి ఊడిపోతాయి. మాధ్యమంలో సీరం ఉంటే ట్రిప్సిన్ పనిచేయదు. అంటే టీకాను సురక్షితం చేసే మృదుత్వమే దాని పెంపకాన్ని కష్టతరం చేస్తోంది. గంబోరో వైరస్‌కు ఈ ఛేదన అవసరం లేదు కనుక, కణవర్ధనానికి అలవాటుపడిన దాని రకాలు ఈ మార్గానికి మరింత అనువైనవి.

5. ముగింపు:
బయోరియాక్టర్ గుడ్లపై ఆధారాన్ని తగ్గించగలదు. పల్లెకు చేరే దారిని మాత్రం దగ్గర చేయలేదు. వందల డోసుల సీసా తెరిస్తే కొద్ది గంటల్లో వాడేయాలి. తండాలో ఒక్కో ఇంట ఉండేవి పదో పన్నెండో కోళ్ళు. పైగా ఎండకు టీకా వైరస్ చచ్చిపోతుంది. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళకూ ఈ రక్షణ అవసరమే. కనుక ఉత్పత్తి పరిశోధనతో పాటు ఉష్ణాన్ని తట్టుకొనే రకాలు, చిన్న సీసాలు, ఊరంతటికీ ఒకే రోజు టీకా వేసే ఏర్పాటు కూడా పరిశోధకుల దృష్టిలో ఉండాలి.