క్రెడిట్లు బ్యాంకులో ఉన్నాయి కదా అని టీసీ తీసేసుకోకండి

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా, డిండోలి వైపు వెళ్తే తెలుగు మాట వినపడని వీధి అరుదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ రెండు మూడు తరాలుగా ఉన్నాయి. కార్పొరేషన్ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది. చిక్కల్లా పిల్లలు డిగ్రీ దాకా వచ్చినప్పుడే. సగం సలహాలు ఊరి నుంచి ఫోన్లో వస్తాయి, మిగతా సగం కార్ఖానాలో పక్క సాంచా దగ్గర దొరుకుతాయి. రెండు రాష్ట్రాల నిబంధనలూ కలగలిసిపోయి, ఎవరు చెప్పిందీ పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు అన్నట్టు తయారవుతుంది. బాగా చెలామణిలో ఉన్న కొన్నిటిని ఇక్కడ చూద్దాం.

అపోహ: జీకాస్‌లో నమోదు చేశాం, సీటొస్తే వాళ్లే చెప్తారు.

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలకు 2016 నుంచి ఉన్న దోస్త్‌కు అలవాటుపడ్డ బంధువులు చెప్పే మాట ఇది. దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెడితే సీటు కేటాయింపు అక్కడే జరిగిపోతుంది. గుజరాత్ 2024లో తెచ్చిన జీకాస్ పోర్టల్‌లో రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు ఒకేచోట చేసుకోవచ్చు, నిజమే. ఆ తర్వాతి పని మాత్రం విశ్వవిద్యాలయాలది, కాలేజీలది. ఒకటి కంటే ఎక్కువ ఆఫర్లు రావచ్చు. వాటిలో ఒకటి ఎంచుకుని, గడువులోగా కాలేజీకి వెళ్లి పత్రాలు చూపించి ఖాయం చేసుకోవాల్సింది విద్యార్థే. సూరత్‌లో ఇదంతా ప్రధానంగా వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం కిందికి వస్తుంది. 1965లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయానికి సూరత్ కవి నర్మద్ పేరు 2004లో పెట్టారు. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు చాలావరకు తమ ప్రవేశాలు తామే చేసుకుంటాయి. జీకాస్‌లో పేరుంది కదా అని వాటి గడువులు వదిలేయకూడదు.

అపోహ: మన ఇంటర్ గుజరాత్‌లో చెల్లదు.

చెల్లుతుంది. తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులు గుర్తింపు ఉన్న బోర్డులే. బయటి బోర్డు నుంచి వచ్చినందుకు అర్హత పత్రం, మైగ్రేషన్ సర్టిఫికెట్ అదనంగా అడుగుతారు, అంతే. మనం టీసీ అనేదాన్ని గుజరాత్‌లో ఎల్‌సీ అంటారు. కౌంటర్ దగ్గర ఎల్‌సీ అడిగితే ఇంకేదో కొత్త పత్రం అనుకుని ఊరికి పరుగెత్తే అవసరం లేదు.

అపోహ: క్రెడిట్లు బ్యాంకులో పడ్డాయంటే ఏ కాలేజీలోనైనా వాడుకోవచ్చు.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. యూజీసీ 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. విద్యార్థికి 12 అంకెల ఐడీ వస్తుంది, పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు అందులో జమవుతాయి. బ్యాంకు అన్న పేరు పెట్టారు కాబట్టి ఎక్కడి ఏటీఎంలోనైనా తీసుకోవచ్చనిపిస్తుంది. ఆ బ్యాంకు చేసేది లెక్క దాచడమే. ఆ లెక్కను ఒప్పుకోవాలా వద్దా, ఎంతవరకు ఒప్పుకోవాలి అన్నది మనం చేరబోయే విశ్వవిద్యాలయం ఇష్టం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన మెమోలు మనమే స్కాన్ చేసి బ్యాంకులో వేయలేం. నమోదైన విద్యాసంస్థ పంపితేనే క్రెడిట్లు జమవుతాయి. అందుకే పాత కాలేజీ వాటిని ఎక్కించిందో లేదో డిజీలాకర్‌లో ముందే చూసుకోవాలి. 2021–22కు ముందు చదివినవి ఇందులోకి రావు. జమైనవాటికి సాధారణంగా గరిష్ఠ గడువు 7 ఏళ్లు. పైగా డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్న షరతు ఉంది. కాబట్టి అయిదు సెమిస్టర్లు ఒకచోట చదివి, చివరిది సూరత్‌లో రాసి, ఇక్కడి పట్టా పట్టుకుపోవడం కుదరదు.

వరంగల్‌లో బీకామ్ మొదటి ఏడాది పూర్తిచేసిన అమ్మాయి, తండ్రి పనికోసం సూరత్ వచ్చిందనుకుందాం. మూడో సెమిస్టర్‌లో చేరాలి. ఇక్కడివాళ్లు ఆమె మొత్తం క్రెడిట్లు కూడి చూసి సరిపెట్టుకోరు. రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి ఒక్కో పేపరూ పోలుస్తారు. అక్కడ ఆమె చదివిన అకౌంటింగ్‌కు 5 క్రెడిట్లు, ఇక్కడి దానికి 4 అయితే పెద్ద ఇబ్బంది ఉండదు. సెకండ్ లాంగ్వేజ్‌గా చదివిన తెలుగును ఏ కోర్సు కింద లెక్కేస్తారు? ఇక్కడ మొదటి ఏడాదిలో ఉండి అక్కడ లేని పేపరు సంగతేమిటి? అలాంటివి ఈ ఏడాది పేపర్లతో పాటు అదనంగా రాయమనవచ్చు. తప్పిన పేపరుకు క్రెడిట్లే ఉండవు కాబట్టి దాన్ని మోసుకొచ్చే ప్రశ్నే లేదు. మెమోలు మాత్రమే తెచ్చి సిలబస్ కాపీ తేకపోతే ఈ పోలిక మొదలే కాదు. ఆ కాపీ మీద పాత కాలేజీ ముద్ర, సంతకం వేయించుకుని వస్తే ఒక ప్రయాణం మిగులుతుంది.

ఇందులో ప్రాణం లాంటిది వరుసక్రమం. చాలామంది ముందు టీసీ తీసుకుంటారు, తర్వాత సీటు వెతుకుతారు. టీసీ చేతికొచ్చిందంటే పాత కాలేజీతో బంధం తెగినట్టే. కొత్తచోట కాదంటే రెండూ పోతాయి. ఫలానా సెమిస్టర్‌లో చేర్చుకుంటాం, ఫలానా పేపర్లు ఒప్పుకుంటాం అని కొత్త సంస్థ కాగితం మీద రాసిచ్చాకే టీసీకి దరఖాస్తు పెట్టాలి. ‘వచ్చెయ్యండి, చూద్దాం’ అన్న నోటిమాటకు విలువ లేదు. టీసీ కాలేజీ ఇస్తుంది, మైగ్రేషన్ సర్టిఫికెట్ విశ్వవిద్యాలయం ఇస్తుంది. రెండూ ఒకటే అనుకుని ఒకదానితోనే రైలెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. జాతీయ విద్యావిధానం కింద మన డిగ్రీలో ఏడాదికి సుమారు 40 క్రెడిట్లు. అమెరికాలో మామూలుగా 30, యూరప్ లెక్కలో 60. మన 80 వాళ్ల 80 కాదు. అక్కడ కూడా చేర్చుకునే విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది.

అపోహ: ఏడాది చదివి మానేస్తే అంతా వృథా.

కొత్త విధానంలో 40 క్రెడిట్లు పూర్తిచేసి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. రెండేళ్లకు డిప్లొమా. మానేసినవాళ్లు 3 ఏళ్లలోగా తిరిగి చేరవచ్చు. ఇంట్లో అవసరం వచ్చి సాంచాల మీదికి వెళ్లే కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లే కరువు.

అపోహ: మన ఊరు తెలంగాణలో ఉంది కాబట్టి పిల్లలు అక్కడ లోకల్.

సొంతూరు ఎక్కడన్నది ఇందులో లెక్కలోకి రాదు. తెలంగాణ ఇంజనీరింగ్ ప్రవేశాల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. ఇంటర్‌తో ముగిసేలా వరుసగా 4 ఏళ్లు అక్కడ చదవడం స్థానికతకు ప్రధాన ఆధారం. సూరత్‌లో చదివిన పిల్లలు దాని కిందికి రారు. అంతమాత్రాన తలుపులన్నీ మూసుకుపోలేదు. మిగతా 15 శాతంలో, తల్లిదండ్రుల్లో ఒకరు 10 ఏళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే వాళ్ల పిల్లలు పోటీపడవచ్చన్న నిబంధన ఉంది. పెళ్లయ్యాక సూరత్ వచ్చిన తండ్రికి ఇది సులభంగా వర్తించవచ్చు. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మాట ఎలా ఉందో చూసి, నివాస ధ్రువపత్రం ముందే తెప్పించుకోవాలి.

ఇదే లెక్క మనకు లాభించే చోటూ ఉంది. సూరత్ నిట్‌లో సగం సీట్లు సొంత రాష్ట్రం కోటావి. ఆ సొంత రాష్ట్రాన్ని తేల్చేది పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే. ఇంట్లో తెలుగు మాట్లాడినా, ముత్తాతది సిరిసిల్లయినా, సూరత్‌లో పన్నెండు పాసైన అమ్మాయి అక్కడ గుజరాతీయే. ఇది తెలిసీ మంచి కోచింగ్ ఉందని రెండేళ్ల కోసం పిల్లల్ని హైదరాబాద్ పంపేవాళ్లు, ఏ కోటా వదులుకుంటున్నారో ముందు లెక్క వేసుకోవాలి. తెలంగాణ స్థానికతకు కావాల్సిన నాలుగేళ్లూ నిండవు మరి.

అపోహ: అక్కడి కుల ధ్రువపత్రం ఇక్కడా పనిచేస్తుంది.

పనిచేయదు. ఈ సంగతిని 1990లో సుప్రీంకోర్టు తేల్చిన కేసు మన తెనాలి ప్రాంతం నుంచి బొంబాయి వెళ్లిన విద్యార్థిదే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా ఉన్న ఆ కుర్రాడు మహారాష్ట్ర వైద్య కళాశాలలో ఆ రిజర్వేషన్ అడిగాడు. వలస వచ్చిన రాష్ట్రంలో అది వర్తించదని కోర్టు చెప్పింది. బీసీల విషయంలోనూ ముందు గుజరాత్ జాబితా చూడాలి, ఆ తర్వాత ఇక్కడి అధికారులిచ్చే పత్రం గురించి ఆలోచించాలి.

చివరగా పేరు. గుజరాత్ బడుల్లో ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు వరుసగా రాస్తారు. మన పదో తరగతి మెమోలో తండ్రి పేరు వేరే గడిలో ఉంటుంది. ఆధార్‌లో చాలామందికి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే. క్రెడిట్ల ఐడీ ఆధార్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి పేరు మూడుచోట్ల మూడు రకాలుగా ఉంటే వ్యవహారం క్రెడిట్లు జమకావడం దగ్గరే ఆగిపోతుంది. మెమోలో పేరు మార్చడం కంటే ఆధార్‌ను మెమోకు సరిపోయేలా మార్చడం తేలిక. కాకపోతే ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మామూలుగా ఇచ్చేది రెండు అవకాశాలే. మెమో ఎదురుగా పెట్టుకుని, ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూసి, అప్పుడు కేంద్రానికి వెళ్లండి.