దేశాల జాబితాలో దాగిన మతం

2002 నవంబరు నుంచి 2003 ఏప్రిల్ వరకు అమెరికా ప్రభుత్వం, తాత్కాలిక వీసాలపై తన దేశంలో ఉంటున్న పరదేశీయుల్లో 25 దేశాలకు చెందిన, పదహారేళ్లు నిండిన పురుషులను విడతలవారీగా ఇమిగ్రేషన్ కార్యాలయాలకు పిలిపించి, వేలిముద్రలు, ఫోటోలు తీసుకుని, ప్రమాణం చేయించి మరీ ప్రశ్నించింది. ‘ప్రత్యేక నమోదు’గా పేరుపడిన ఈ కార్యక్రమానికి హాజరైనవారు 83 వేల మందికి పైగా ఉండగా, వారిలో 13 వేల మందికి పైగా దేశబహిష్కరణ విచారణలో చిక్కుకున్నారు, ఈ నమోదు పుణ్యమా అని ఉగ్రవాద నేరం రుజువై శిక్షపడిన దాఖలా మాత్రం ఒక్కటీ లేదు. ఉత్తర కొరియాను పక్కన పెడితే ఆ జాబితాలో మిగిలిన 24 దేశాలూ ముస్లింలు అధికసంఖ్యాకులుగానో, జనాభాలో దాదాపు సగంగానో ఉన్నవే. అయినా ఆ ఉత్తర్వులలో మతం ప్రస్తావన మచ్చుకైనా లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

ఆ అవసరం ఎందుకు లేదో తెలియాలంటే అమెరికా న్యాయవ్యవస్థలో పక్కపక్కనే నడుస్తూ వచ్చిన రెండు సంప్రదాయాలను గమనించాలి. రాజ్యాంగపు మొదటి సవరణ, ప్రభుత్వం ఏ మతాన్నీ నెత్తిన పెట్టుకోకూడదనీ, ఏ మతాచరణకూ అడ్డు తగలకూడదనీ ఆదేశిస్తుంది. దేశం లోపల ఆ ఆదేశానికి కోర్టుల దన్ను గట్టిగానే ఉంటుంది. ఎవరిని దేశంలోకి రానివ్వాలి, ఎవరిని వెళ్లగొట్టాలి అన్న దగ్గర మాత్రం చట్టసభకూ ప్రభుత్వానికీ దాదాపు తిరుగులేని అధికారం ఉందనే సిద్ధాంతం 19వ శతాబ్దం నుంచీ కొనసాగుతోంది. పన్నెండేళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేసి, తిరిగి రావచ్చునన్న ధ్రువపత్రం చేతపట్టుకుని స్వదేశం చూసిరావడానికి వెళ్లిన ఛే ఛాన్ పింగ్ అనే చైనా కార్మికుడు 1888లో ఓడ మీద వెనక్కు వస్తుండగానే అలాంటి పత్రాలన్నింటినీ రద్దు చేస్తూ కొత్త చట్టం వచ్చింది. అతని ఫిర్యాదు విన్న సుప్రీంకోర్టు మరుసటి ఏడాది, పరదేశీయులను వెలుపల ఉంచడం సార్వభౌమాధికారంలో భాగమని తీర్పు చెప్పి తలుపు మూసింది. 2001 తరువాత మతం గురించి జరిగిన వాదం ఈ తలుపు దగ్గరే జరిగింది. లోపల నిషిద్ధమైన మత వివక్ష, గుమ్మం దగ్గర దేశాల జాబితా రూపంలో చెల్లుబాటయింది.

2001 సెప్టెంబరు 11న సుమారు మూడు వేల మందిని బలిగొన్న దాడులకు పాల్పడిన 19 మందిలో 15 మంది సౌదీ అరేబియావారు, ఇద్దరు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌వారు, ఈజిప్టు, లెబనాన్‌ల నుంచి ఒక్కొక్కరు. అందరూ వీసాలు తీసుకుని వచ్చినవారే. వలస విధానాన్ని భద్రత దృష్టితో చూడాలన్నవారి వాదనకు బలం ఇక్కడి నుంచే వచ్చింది, అది కొట్టిపారేయదగిన వాదన కూడా కాదు. దాడులపై విచారణ జరిపిన కమిషన్ 2004 నివేదికలో, ఉగ్రవాదులకు ప్రయాణపత్రాలు ఆయుధాలతో సమానమైనవని తేల్చింది. అయితే అదే నివేదిక మరో సంగతినీ బయటపెట్టింది: హంతకులలో ఇద్దరి గురించి గూఢచారి సంస్థ సీఐఏకు ముందే తెలిసినా, వారి పేర్లు నిఘా జాబితాకు ఎక్కేసరికి 2001 ఆగస్టు గడిచిపోతోంది. లోపం ఫలానా దేశస్థులను రానివ్వడంలో లేదు, ఫలానా మనుషుల గురించి తెలిసిన సమాచారం చేరవలసినచోటికి చేరకపోవడంలో ఉంది. ఇమిగ్రేషన్ యంత్రాంగం ఎంత నిద్రావస్థలో ఉండేదో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. విమానాలు నడిపిన హంతకులలో ఇద్దరికి విద్యార్థి హోదా మంజూరైనట్టు తెలిపే కాగితాలు, ఫ్లోరిడాలో వారు శిక్షణ పొందిన విమానయాన పాఠశాలకు 2002 మార్చిలో, అంటే దాడి జరిగిన ఆరు నెలల తరువాత, తీరిగ్గా చేరాయి.

దాడుల వెంటనే మొదలైన అరెస్టులలో పట్టుబడిన పరదేశీయుల గురించి న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2003 జూన్‌లో నివేదిక వెలువరించాడు. సొంత శాఖ పనితీరును స్వతంత్రంగా తనిఖీ చేసే ఈ అధికారి లెక్క ప్రకారం, వీసా గడువు దాటడం వంటి వలస ఉల్లంఘనల మీద నిర్బంధించి దాడుల దర్యాప్తుతో ముడిపెట్టినవారు 762 మంది. మామూలు రోజుల్లో ఇలాంటివారు పూచీకత్తు మీద బయటికి వస్తారు, లేదా త్వరగా స్వదేశం చేరతారు; వీరి విషయంలో మాత్రం, ఉగ్రవాదంతో సంబంధం లేదని ఎఫ్‌బీఐ తేల్చేదాకా విడవకూడదన్న నియమం పెట్టుకున్నారు, తేల్చడానికి సగటున 80 రోజులు పట్టింది. నేరం చేశాడని ప్రభుత్వం రుజువు చేయాలన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది. వలస ఉల్లంఘన నేరవిచారణ కిందికి రాదు గనుక ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టించుకునే హక్కు కూడా వీరికి లేదు. పైగా ఈ కేసుల విచారణలను ప్రజలకూ పత్రికలకూ మూసివేశారు. అది చెల్లదని ఒక అప్పీలు కోర్టు, చెల్లుతుందని మరొకటి 2002లో తీర్పులివ్వగా, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

ప్రత్యేక నమోదు ఈ వాతావరణంలోనే వచ్చింది. పిలుపు అందుకున్నవారిలో అత్యధికులు స్వచ్ఛందంగా, చట్టానికి లోబడి హాజరైనవారేనన్నది ఇందులోని పెద్ద విడ్డూరం: ఉగ్రవాది వేలిముద్రలివ్వడానికి వరుసలో నిలబడడు. 2002 డిసెంబరులో మొదటి విడత గడువు నాటికి లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో నమోదుకు వచ్చిన ఇరానీయులలో వందల మందిని, కాగితాల్లో ఏదో లోటు ఉందంటూ అక్కడికక్కడే నిర్బంధించడంతో వారి బంధువులు వీధుల్లోకి వచ్చారు. అదుపులోకి తీసుకున్నవారిలో హోదా మార్పు దరఖాస్తు ప్రభుత్వం దగ్గరే పెండింగులో ఉన్నవారూ ఉన్నారు. పాకిస్తాన్ పేరు జాబితాకెక్కాక న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, కోనీ ఐలాండ్ అవెన్యూ వెంట పాకిస్తానీయుల దుకాణాలు, హోటళ్లు వెలవెలబోయాయి. అనేక కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని కెనడాలో ఆశ్రయం కోరడానికి ఆ చలికాలంలో సరిహద్దుకు చేరుకోగా, కెనడా అధికారులు వారికి తరువాతి తేదీలిచ్చి వెనక్కు పంపడం, వెనక్కు వచ్చినవారిని అమెరికా అధికారులు పట్టుకోవడం జరిగాయి. ఆర్మీనియా పేరును జాబితాలో చేర్చి, అమెరికాలోని ఆర్మీనియన్లు గట్టిగా అభ్యంతరం చెప్పేసరికి కొద్దిరోజుల్లోనే తొలగించారు. ఓటుబలం ఉన్న సమాజానికి ఒక గీత, లేనివారికి మరొక గీత అన్న విమర్శకు ఇంతకన్న రుజువు అక్కర్లేదు.

ఇంతకీ ఈ జాబితాతో పట్టుకోదగినవారెవరు? 2001 డిసెంబరులో బూటులో పేలుడు పదార్థం దాచుకుని విమానమెక్కిన రిచర్డ్ రీడ్ బ్రిటిష్ పౌరుడు. సెప్టెంబరు 11 కుట్రలో శిక్షపడిన జకారియాస్ మౌసావి ఫ్రెంచి పౌరుడు. పుట్టిన దేశాన్ని తనిఖీ చేయడం తేలిక, ఉద్దేశాన్ని తనిఖీ చేయడం కష్టం గనుక పరిమిత సిబ్బందితో ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అన్నది జాబితా సమర్థకుల మాట; తేలికైన పనిలో వేల గంటలు వెచ్చించిన యంత్రాంగానికి కష్టమైన పనికి మిగిలేది ఎంతన్నది విమర్శకుల ప్రశ్న. 2011లో ప్రభుత్వం ఆ జాబితాను ఖాళీ చేసింది, 2016 డిసెంబరులో నియమాన్నే తొలగించింది.

ఇదే కాలంలో పౌరస్వేచ్ఛల పేరుతో సాగిన చర్చ మాత్రం ఎక్కువగా పౌరుల గురించే. 2001 అక్టోబరు 26న సంతకమైన పేట్రియాట్ చట్టానికి సెనేట్‌లో వ్యతిరేకంగా పడినది ఒకే ఒక్క ఓటు, అది విస్కాన్సిన్ సెనేటర్ రస్ ఫైన్‌గోల్డ్‌ది. నిఘా అధికారాలను విస్తరించిన ఆ చట్టం మీద మొదట గొంతెత్తిన వర్గాలలో గ్రంథపాలకులు ముఖ్యులు. న్యాయమూర్తి సంతకం లేకుండానే ఎఫ్‌బీఐ సమాచారం అడగడానికి వీలిచ్చే ‘జాతీయ భద్రతా లేఖ’ ఒకటి 2005లో కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రంథాలయాల సంఘానికి అందింది. లేఖ అందిందని చెప్పుకోవడం కూడా నిషిద్ధమే కావడంతో, ప్రభుత్వం మీద దావా వేసిన నలుగురు గ్రంథపాలకులు తమ కేసు విచారణకే హాజరు కాలేక, వేరే ఊరిలోని కోర్టు గదిలో కూర్చుని తెర మీద చూడవలసి వచ్చింది. చట్టాన్ని పొడిగించాలా వద్దా అని కాంగ్రెస్ తర్జనభర్జన పడినంతకాలం వారి నోటికి తాళం పడే ఉంది. 2006 మార్చిలో పొడిగింపు అయిపోయాకనే ఆ తాళం తీశారు. గ్రంథపాలకుల పోరాటం గౌరవించదగినదే. కాని పుస్తకాలు తీసుకెళ్లినవారి పేర్ల గురించి వచ్చినన్ని సంపాదకీయాలు ఆ 762 మంది గురించి రాలేదన్నదీ నిజమే.

దేశం లోపల మతస్వేచ్ఛకు కోర్టుల రక్షణ ఎంత దృఢమైనదో టెనెసీ రాష్ట్రంలోని మర్‌ఫ్రీస్‌బరో పట్టణం చూపింది. 2010లో అక్కడి ముస్లింలు కొత్త మసీదు తలపెట్టగా, ఇస్లాం అసలు మతమే కాదు గనుక దానికి రాజ్యాంగ రక్షణ వర్తించదని వ్యతిరేకుల వకీలు కోర్టులో వాదించాడు. అది మతమేనని చెప్పడానికి కేంద్ర న్యాయశాఖ లిఖితపూర్వకంగా ముందుకు రావలసి వచ్చింది. నిర్మాణ స్థలంలో వాహనానికి నిప్పు పెట్టారు, స్థానిక న్యాయమూర్తి అనుమతిని చెల్లదన్నాడు, చివరికి ఫెడరల్ కోర్టు ఆదేశంతో 2012 ఆగస్టులో మసీదు తెరుచుకుంది.

గుమ్మం దగ్గర కథ వేరుగా ముగిసింది. 2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో దంపతులిద్దరు 14 మందిని కాల్చి చంపిన అయిదు రోజులకే, అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న డోనాల్డ్ ట్రంప్ ముస్లింల రాకను పూర్తిగా ఆపాలని ప్రకటన చేశాడు. అధ్యక్షుడయ్యాక 2017 జనవరి 27న జారీచేసిన ఉత్తర్వులో మతం పేరు లేదు. అది వర్తించినది ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సూడాన్, సిరియా, యెమెన్ అనే ఏడు దేశాలవారికి. శాన్ బెర్నార్డినో హంతకులలో భర్త అమెరికాలోనే పుట్టినవాడు, భార్య పాకిస్తాన్ జాతీయురాలు. ఆ ఏడింటిలో పాకిస్తాన్ లేదు. కోర్టుల మొట్టికాయలు తిని రెండుసార్లు మారిన ఉత్తర్వును 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో నిలబెట్టింది. ఉత్తర్వు పైకి మతం విషయంలో తటస్థంగా ఉందనీ, భద్రతకు సంబంధించిన సహేతుక కారణం కనిపిస్తే చాలుననీ ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాయగా, ఎన్నికల సభల్లో అన్న మాటలు చెవిన పడనట్టు నటించడమే ఇదన్నది జస్టిస్ సోటోమేయర్ భిన్నతీర్పు సారాంశం. రెండో ప్రపంచయుద్ధంలో లక్షకు పైగా జపనీయ సంతతివారిని శిబిరాలకు తరలించడాన్ని సమర్థించిన 1944 నాటి కొరెమత్సు తీర్పు తప్పని రాబర్ట్స్ ఇదే తీర్పులో ప్రకటించడం విశేషం. పాత జాబితాను తిట్టి కొత్త జాబితాను దీవించినట్టయింది.

జాబితాలు కార్యాలయాల్లో తయారవుతాయి గాని వీధిలో వాటిని చదివేవారికి భూగోళం తెలియదు. అధ్యక్షుడు బుష్ 2001 సెప్టెంబరు 17న వాషింగ్టన్‌లోని ఇస్లామిక్ కేంద్రానికి స్వయంగా వెళ్లి ముస్లింలను శత్రువులుగా చూడవద్దని చెప్పడం మెచ్చదగిన పనే అయినా, దానికి రెండు రోజుల ముందే అరిజోనాలోని మీసా పట్టణంలో పెట్రోలు బంకు నడుపుకునే సిక్కు, బల్బీర్ సింగ్ సోధీ, తలపాగా కారణంగా హత్యకు గురయ్యాడు. ఎఫ్‌బీఐ లెక్కల్లో ముస్లిం వ్యతిరేక విద్వేష ఘటనలు 2000లో 28 ఉండగా 2001లో 481కి పెరిగాయి. ఏడు దేశాల ఉత్తర్వు వచ్చి నెల తిరగకముందే, 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేతా పట్టణంలో, పని ముగించుకుని మిత్రుడితో కలిసి బార్‌లో కూర్చున్న హైదరాబాద్ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు ఏ వీసా మీద ఉన్నావని నిలదీసి, తన దేశం నుంచి వెళ్లిపొమ్మని అరుస్తూ కాల్చి చంపాడు. ఇరానీయులను కాల్చానని హంతకుడు తరువాత వేరేచోట చెప్పుకున్నాడు. భారతదేశం ఏ జాబితాలోనూ లేదన్న భరోసాతో ఉన్న తెలుగువారికి ఆ భరోసా ఏపాటిదో ఆ రాత్రి తెలిసివచ్చింది. హెచ్-1బి వీసాపై ఉన్న భర్త మరణించడంతో ఆయన భార్య అమెరికాలో ఉండే హక్కుకే ఎసరు వచ్చింది.

తెలుగు కుటుంబాలకు ఈ చరిత్రతో మరో లంకె కూడా ఉంది, అది ప్రతి ఏటా వేలమంది చేతిలోకి కాగితం రూపంలో వస్తుంది. హైదరాబాద్‌లో అమెరికా వీసా కోసం పది వేళ్ల ముద్రలివ్వడం, ఇంటర్వ్యూకు ముందు సెవిస్ రుసుము కట్టడం సెప్టెంబరు 11 తరువాతి ఏర్పాట్లే. విదేశీ విద్యార్థుల వివరాలను కంప్యూటర్‌లో నమోదు చేసే సెవిస్ వ్యవస్థకు మూలం 1996 చట్టంలో ఉన్నా, విశ్వవిద్యాలయాల అభ్యంతరాలతో నానుతూ వచ్చిన దానిని దాడుల తరువాత పేట్రియాట్ చట్టం వేగిరపరచగా 2003లో అమలులోకి వచ్చింది. హంతకులకు హోదా మంజూరు చేసిన ఆ ఆలస్యపు కాగితాలు గుర్తున్నవారికి ఇది న్యాయమైన దిద్దుబాటుగానే తోచింది. 2025 వసంతంలో అదే వ్యవస్థలో వేలమంది విద్యార్థుల నమోదులను, చాలామందికి ముందుగా నోటీసు కూడా లేకుండా, అధికారులు రద్దు చేశారు; పోలీసు రికార్డుల్లో పేరు తగిలితే చాలు, కొట్టివేసిన ట్రాఫిక్ కేసు అయినా సరే వేటు పడింది, బాధితుల్లో భారతీయులు గణనీయంగా ఉన్నారు. వారిలో కొందరు ఫెడరల్ కోర్టులకెక్కగా, న్యాయమూర్తులు ఒకరి తరువాత ఒకరు ఆ రద్దును నిలిపివేశారు. ఏప్రిల్ చివర ప్రభుత్వం నమోదులను పునరుద్ధరిస్తున్నట్టు ఆ కోర్టులకు తెలియజేస్తూనే, అలా రద్దు చేయడానికి కొత్త నియమావళి రూపొందిస్తున్నట్టూ చెప్పింది.