చేనేత యింటి పనిగంటలు

తన వృత్తి తానే చేసికొని బ్రదుకువారిని జూచి మనము సామాన్యముగా "వారికేమి, ఒకరి క్రింద కొలువు చేయవలసిన పనిలేదు" అని యందుము. ఈ మాటలో సగమే నిజము. మా యింట బడిగంట మ్రోగినతోడనే పని ముగిసినట్లు (పిల్లల లెక్కల పుస్తకములు వెంట వచ్చుట వేరుమాట). కుమ్మరి, కంసాలి, దర్జీ, చిల్లరకొట్టు పెట్టుకొన్నవారు, వీరి యిండ్లలో గంట మ్రోగించువారెవరు? 1948వ సంవత్సరమున జేసిన కర్మాగారముల చట్టము సామాన్యముగా దినమునకు 9 గంటలకును, వారమునకు 48 గంటలకును మించి పనివారిచేత పని చేయింపరాదని విధించెను. అట్టి రక్షణ ఒకరిచేత పని చేయించుకొనబడువారికే గాని, తన్ను తానే పనిలో బెట్టుకొన్నవారికి గాదు. మన దేశమున పనిపాటలు చేయువారిలో సగమునకు బైగా నీ రెండవ తెగవారే.

అందును చేనేతవారి యింటిని జూడుడు. మగ్గము ఇంటిలోనే యుండుటచే పనికిని ఇంటికిని నడుమ గడప లేదు. నూలుబట్టలు నేయువారు వేకువనే పడుగును వీధిలో సాగదీసి గంజి పెట్టుదురు. వాన కురిసినచో గంజి యారదు, మగ్గము గుంటలో నీరూరును. పని నిలిచిన దినమున రాబడియు నిలుచును. కావుననే పండుగలకును పెండ్లిండ్లకును ముందు, పోయిన దినములను రాత్రి దీపము క్రింద పూడ్చుకొనవలసి యుండును.

మగ్గముపై కూర్చున్నవాని శ్రమ యైనను నలుగురి కంట బడును. నూలు చిలపలు విప్పి, రాట్నమున కండెలు చుట్టి యందిచ్చునది ఇల్లాలు. ఎసరు కాగులోపల రెండు కండెలు, బిడ్డ నిద్రించిన పిదప నాలుగు కండెలు. ఆమె దినమున నెన్ని గంటలు పనిచేసినదో ఆమెయే చెప్పలేదు. భావనాఋషి తామరతూళ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనని పద్మశాలీయులు చెప్పుకొందురు; ఆ నారను కండెలకు జుట్టినవారెవరో మాత్రము మేమెవరినోటను వినలేదు. 2019-20 నాటి చేనేత గణనలో దేశమున 35 లక్షలకు మించిన పనివారు తేలిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే.

పోచంపల్లి ప్రాంతమున పట్టుచీరకు రంగులద్దక మునుపు ఆసు పోయవలెను. ఒకవైపు ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారముగా మేకుల వరుస. దారమును ఇటనుండి అటకును, అటనుండి ఇటకును చేయి సాచి త్రిప్పవలెను. ఒక్క చీరకు సుమారు 9,000 మార్లు చేయి కదలవలెను, నాలుగైదు గంటలు పట్టును. ఇది తరతరములుగా ఆడువారి పని. ఆలేరు చెంతనున్న శారాజీపేటలో చింతకింది మల్లేశము గారి తల్లి లక్ష్మిగారు ఈ పనిచే భుజముల నొప్పితో బాధపడుచుండిరి. ఆరవ తరగతితో బడి మానిన యా కుమారుడు 1992 మొదలు ఏడేండ్లు పాటుపడి 1999లో ఆసుయంత్రము నొకదానిని సిద్ధపరచి, దానికి తల్లిపేరే పెట్టెను. లక్ష్మీ ఆసుయంత్రముతో చీరకు గంటన్నర చాలును. 2017లో ఆయనకు పద్మశ్రీ బిరుద మొసగబడెను.

మిగిలిన మూడుగంటలు విశ్రాంతికి జేరెనా, మరియొక చీరకు జేరెనా యని యడుగవచ్చును. అప్పున్న యింట రెండవదియే జరుగుట సహజము. దానిని మేము తప్పుపట్టము. భుజము నిలిచినది, అదియే గొప్ప.

అయినను వెల విషయమున నొకమాట చెప్పవలెను. నేతకూలి చీరకింత, లేక పడుగునకింత యని కట్టుదురు గాని గంటకింత యని కట్టరు. ఆసు పోయుట, కండెలు చుట్టుట బయటివారు చేసినచో కూలి యియ్యక తప్పదు; ఇల్లాలే చేసినపుడు అది కూలిగా కనబడక ఇంటిపనిలో కలిసిపోవును. మగ్గమున్న యిండ్లలో నేడు చదువుకొన్న కోడండ్రును కూతుండ్రును గలరు. ఒక పడుగు ముగియువరకు ఎవరెవరు ఎన్ని గంటలు చేసిరో గోడమీది పంచాంగపు కాగితముపై ప్రతిరాత్రి గుర్తుపెట్టుట వారికి కష్టము గాదు. తరువాతి పడుగునకు కూలి మాటలాడునపుడు ఆ కాగితమును షావుకారి యెదుట బెట్టవచ్చును.